బడిపిల్లలు – నాటకము

నాట్యశాస్త్రపు ప్రథమాధ్యాయమున ఒక కథ గలదు. దేవతలు బ్రహ్మకడకు పోయి, కంటికి కనిపించునదియు చెవికి వినిపించునదియు నగు ఒక ఆటవస్తువును తమకు ప్రసాదింపుమని వేడిరట. వారు శాస్త్రమును కోరలేదు, ధర్మోపదేశమును కోరలేదు; క్రీడనీయకమును, అనగా ఆడుకొను బొమ్మవంటిదానిని కోరిరి. బ్రహ్మ నాలుగు వేదములనుండి సారము తీసి నాట్యవేదమును కల్పించి భరతమునికి ఇచ్చెను. ఆ ముని దానిని తన నూర్గురు కుమారులకు నేర్పెను. తొలి ప్రయోగము నాడే విఘ్నములు వచ్చి నటుల వాక్కును, చేష్టను, జ్ఞాపకమును స్తంభింపజేసినవని ఆ గ్రంథమే చెప్పుచున్నది. వార్షికోత్సవమున వేదిక నెక్కి నోట మాట పెగలక నిలిచిపోయిన ప్రతి బాలునికిని ఈ కథ చెప్పదగును. భరతపుత్రులకే తప్పని యిబ్బంది వానికి కలుగుట వింత గాదు.

ఇక రామాయణమున వాల్మీకి తన కావ్యమును మొదట ఎవరికి నేర్పెను? ఆశ్రమమున పెరుగుచున్న కుశలవులకు. వారు రాజసభలో గానము చేయగా రాముడే శ్రోత యయ్యెను. సంస్కృతమున నటునకు కుశీలవుడని పేరు. ఆ పేరు ఈ బాలురనుండియే వచ్చినదని కొందరందురు. ఆ వ్యుత్పత్తి నిలుచునో లేదో పండితులకు వదలెదను. గురువు, పిల్లలు, ఆట – ఈ మూడును మన వాఙ్మయమున మొదటినుండి కలిసియే యున్నవనుట నాకు చాలును.

ఆధునికాంధ్ర నాటక ప్రదర్శనమునకు కూడ విద్యార్థులే తొలి నటులు. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగంపంతులుగారు తమ విద్యార్థులను కూర్చుకొని, తాము రచించిన వ్యవహారధర్మబోధినిని ఆడించిరి. న్యాయస్థానములలోని అక్రమములను ఎత్తిచూపు ప్రహసనమది. ఆ నటులు పసిబిడ్డలు కారని ఎవరైన ఆక్షేపింపవచ్చును, నిజమే. కాని సొమ్ముకొరకు ఆడు సమాజములు ఊరూర వెలయుటకు ముందే ఒక బడిపంతులు ఈ పనికి పూనుకొనెనను సంగతి మన ఉపాధ్యాయులకు గుర్తుండవలెను. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధతో ఆరంభమైన సురభివారి సమాజములలోనైతే, బిడ్డకు నడక, నటన ఒక్కచోటనే అలవడెడివి.

మనకు దగ్గరైన విజయనగరమున 1892లో కన్యాశుల్కము మొదటిసారి ఆడబడినది. అందు కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడపిల్ల వేషము వేసి లుబ్ధావధాన్లకు పెండ్లి చేసి, మేనకోడలు సుబ్బిని ఆ ముసలివాని బారినుండి తప్పించును. వేషము కట్టిన ఒక కుఱ్ఱవాడు ఒక పసిపిల్ల బ్రదుకును నిలిపెనన్నమాట. అదే నాటకమున గిరీశముకడ వెంకటేశము నేర్చిన చదువెట్టిదో పాఠకులెరుగుదురు. రెండు శిష్యరికములను గురజాడవారు పక్కపక్కన నిలిపిరి.

పలాసలో ఉత్తరముగ పోవు రైలెక్కినవారికి తగులు బరంపురమున 1905లో న్యాయపతి రాఘవరావుగారు జన్మించిరి. రేడియో అన్నయ్యగా ఆయనయు, రేడియో అక్కయ్యగా సతీమణి కామేశ్వరిగారును ఆకాశవాణిలో పిల్లలచేతనే మాటాడించి, పాడించి, నాటికలు వేయించిరి. 1945లో ‘బాల’ పత్రికను స్థాపించిరి. పెద్దలు పిల్లలకు చెప్పుటకాదు, పిల్లలు పిల్లలకు చెప్పుట వారు తెచ్చిన మార్పు. వంగదేశమున రవీంద్రుడు తన శాంతినికేతన విద్యాలయపు బాలురకొరకు 1908లో శారదోత్సవమును రచించినదియు ఈ త్రోవలోనిదే.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. ఉద్దానము అను మాట ఉద్యానవనమునుండి వచ్చినదందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నడుమ మన బడులున్నవి. వాటిలో నాటకమనగా ఏమి జరుగుచున్నది? ఏడాదికొకనాడు, సినిమా పాటకు గంతులు. లేనియెడల ఒక చురుకైన పిల్లవానిచేత బట్టీపట్టించిన ఏకపాత్ర. తక్కిన నలుబదిమంది నేలపై కూర్చుండి చప్పట్లు కొట్టుదురు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము పదవ తరగతివరకు కళలను తప్పనిసరి విషయముగ బోధింపవలెనని చెప్పినది. కాగితమున ఆ మాట బాగుగనే యున్నది.

నా కథ యొకటి చెప్పుదును. అయిదవ తరగతిలో నాకు లోహితాస్యుని వేషము వచ్చినది. పాము కరచిన ఘట్టమును అభ్యాసము చేయునప్పుడు, ‘అమ్మా, నన్ను పావు కరిసీసినాదే’ అని మా యింటి మాటలోనే ఏడ్చితిని. అందరును గొల్లున నవ్విరి. మాస్టారు ఆ వేషమును మరునాడు మరియొకనికిచ్చిరి. నలుబది యేండ్లు దాటినను నాకు సమాధానము దొరకని ప్రశ్న ఒకటే: పాము కరచిన బిడ్డ ఏ భాషలో ఏడ్వవలెను?

పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, సవరభాష నేర్చి, సవర బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పించిన గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారు (1863–1940) మన సీమవారే. వారుండిన నా లోహితాస్యుడు వేదిక దిగియుండడు. ఈ మాటను గ్రాంథికమున వ్రాయుచున్న నన్ను చూచి వారు నవ్వుదురు కాబోలు. ఇది నాకు పుస్తకములవలన పట్టిన అలవాటు, పిల్లలపై రుద్దను.

వేదికపై ఒంటరిగ నిలుచుటయే పిల్లలకు మొదటి విఘ్నము. దానికి మందు మన పల్లెకళలలోనే యున్నది. తప్పెటగుళ్లవారు తప్పెటలను రొమ్మున కట్టుకొని గుంపుగ తిరుగుచు ఆడుదురు. అందు ఏ ఒక్కడును ఒంటరివాడు కాడు. జముకులకథలో కథ చెప్పువానికి వంతపాడువాడుండును. మాట రాని పిల్లవానిని మొదట వంతకు నిలుపుడు. పదిసార్లు ‘ఊ’ కొట్టినవాడు పదునొకండవసారి ఒక మాట తానే అందించును. బొడ్డపాడు శివాలయార్చకులై యుండి 1969లో మరణించిన సుబ్బారావు పాణిగ్రాహి ఈ జముకులకథతోనే ఊళ్లను కదలించెను. ఆయన రాజకీయములను అంగీకరింపనివారును ఆ రూపమునకుగల బలమును కాదనజాలరు.

ఆరేడేండ్ల పిల్లలకు పద్యనాటకము వలదు, తెరలు వలదు, మీసములును వలదు. టెక్కలి దగ్గర తేలినీలాపురమునకు ఏటేట వచ్చు గూడబాతులను చూచివచ్చి, అవి వాలుట, పిల్లలకు మేత పెట్టుట తరగతియంతయు కలిసి ఆడవచ్చును. జీడిపిక్కలు కొట్టి చేతులు నల్లబడిన తల్లి ఇంటికి వచ్చి అన్నము కలుపుకొనుట ఒక రంగమగును. దానికి రచయిత అక్కరలేదు; పలాస పిల్లలలో ఎందరికో అది కంఠస్థమే.

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను మన తీరమును దాటినది. తరములుగ పెంచిన కొబ్బరిచెట్లు, జీడితోటలు ఒక్క రాత్రిలో కూలినవి. మరుసటి వేసవిలో మన గ్రంథాలయపు వరండాలో పిల్లలు తమంతట తాము ‘తుపానాట’ ఆడిరి. కొందరు గాలియైరి, కొందరు చెట్లైరి. బడిలో పెదవి విప్పని ఒక బాలుడు కొబ్బరిచెట్టై కూలి, ఆట ముగిసినను లేవడయ్యెను. లెమ్మని స్నేహితులు లాగగా, ‘ఇది మా తాత యేసిన సెట్టు’ అనెను. ఎవరును నవ్వలేదు. ఒక బాలిక వచ్చి వాని తలకడ నేల త్రవ్వినట్లు, మొక్క పెట్టినట్లు, నీరు పోసినట్లు అభినయించినది. అప్పుడు వాడు లేచి కూర్చుండెను.

లెక్కలు వ్రాయువాడను గనుక చివరకు ఒక ఖర్చు ప్రస్తావించెదను. ఈ రజతోత్సవ వత్సరమున ఆ వరండా ముందు పిల్లలు ఆడుకొనుటకు చిన్న అరుగు కట్టింపవలెనని కార్యవర్గమువారికి నా మనవి. అరుగు ఎత్తు పెద్దలకొరకు కాక, మెట్టు లేకుండ ఆరేండ్ల బిడ్డ ఎక్కగలిగినంతయే యుండవలెను.