అభ్యర్థనల వేగ నియంత్రణ

ఒక సర్వరుకు నిర్ణీత కాలంలో ఎన్ని అభ్యర్థనలు పంపవచ్చునో పరిమితి విధించి, దానిని అమలు చేయు పద్ధతిని అభ్యర్థనల వేగ నియంత్రణ లేదా రేట్ లిమిటింగ్ అని అంటారు. వెబ్‌సైటు తెరిచినపుడు, రైలు టికెట్టు కోసం వెదకినపుడు, ఫోనులోని గడియారము సమయాన్ని సరిచూసుకొన్నపుడు ఎక్కడో ఒక సర్వరుకు అభ్యర్థన చేరుతుంది. సర్వరు శక్తికి మించి అభ్యర్థనలు వచ్చినచో మొదట అందరికీ ఆలస్యమగును, తరువాత ఎవరికీ జవాబు అందదు.

ఈ నియంత్రణ రెండు వైపులా జరగవలెను. సర్వరు అదనపు అభ్యర్థనలను తిరస్కరించడం ఒకటి, పంపే ప్రోగ్రాము తనంతట తానే వేగము తగ్గించుకోవడం రెండవది. సాధారణంగా మొదటిదాని గురించే ఎక్కువగా చెప్తారు గాని, రెండవది లేనిచో మొదటిది నిష్ఫలమని ఈ క్రింది సంఘటన తెలుపుతుంది.

విస్కాన్సిన్ సంఘటన

అమెరికాలోని విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయము, ఇంటర్నెట్టులో ఎవరైనా సరియైన సమయాన్ని తెలుసుకొనుటకు ఒక సర్వరును ఉచితంగా నడిపేది. 2003 మే నెలలో దానిపై హఠాత్తుగా ప్యాకెట్ల వరద మొదలైనది. మొదట దీనిని ఎవరో కావాలని చేసిన దాడిగా భావించారు. వచ్చినవన్నీ 23457 అను ఒకే పోర్టు సంఖ్య నుండి రావడంతో వాటిని అడ్డుకొన్నారు. అయినా వరద తగ్గలేదు సరికదా, కొన్ని వారాలలో సెకనుకు సుమారు 2,50,000 ప్యాకెట్లకు చేరింది.

కారణము దాడి కాదు. నెట్‌గేర్ సంస్థ తయారు చేసిన కొన్ని గృహ రూటర్లలో ఈ సర్వరు చిరునామాను ప్రోగ్రాములోనే స్థిరంగా వ్రాసి ఉంచారు. జవాబు రానిచో ప్రతి సెకనుకు ఒకసారి మరల అడుగునట్లు ఆ ప్రోగ్రాము ఉన్నది. అనగా విశ్వవిద్యాలయము జవాబులు ఆపిన కొద్దీ రూటర్లు మరింత తరచుగా అడిగాయి. అటువంటి రూటర్లు ఏడు లక్షలకు పైగా తయారైనాయి. సంస్థ ప్రోగ్రామును సవరించినది గాని, అప్పటికే ఇళ్ళకు చేరిన రూటర్లలో దానిని మార్చుకొనేవారు బహు తక్కువ.

2006లో వెలువడిన సమయ ప్రోటోకాల్ పత్రము ఆర్.ఎఫ్.సి. 4330 ప్రకారం, ఏ పరిస్థితిలోనూ 15 సెకనుల కంటే తక్కువ వ్యవధిలో మరల అడగరాదు. జవాబు రానపుడు వ్యవధిని పెంచుకుంటూ పోవలెను.

పద్ధతులు

అన్నిటికంటే సులువైనది నిమిషానికి ఇన్ని అని లెక్కించడం. దీనిలో ఒక లోపమున్నది. పరిమితి 100 అనుకొనినచో, ఒక నిమిషపు చివరి సెకనులో 100, తరువాతి నిమిషపు మొదటి సెకనులో 100 పంపవచ్చును. నియమము ఎక్కడా తప్పలేదు, కాని రెండు సెకనులలో 200 వచ్చి పడ్డాయి.

టోకెన్ బకెట్ పద్ధతిలో ఈ ఇబ్బంది తక్కువ. 10 టోకెన్లు పట్టే బకెట్టులో సెకనుకు 2 చొప్పున టోకెన్లు పడుతుంటాయి. ప్రతి అభ్యర్థన ఒక టోకెను తీసుకొని ముందుకు పోతుంది. బకెట్టు నిండుగా ఉన్నపుడు 10 అభ్యర్థనలు ఒకేసారి వచ్చినా చెల్లుతాయి, పదకొండవది మాత్రం అర సెకను ఆగవలెను. లీకీ బకెట్ పద్ధతి చెరువు తూము వంటిది. చెరువులో ఎంత నీరున్నా తూము వదిలినంతే కాలువకు వస్తుంది.

పరిమితి దాటినవారికి వెబ్ సర్వరు 429 అను సంకేతమును పంపుతుంది. దీనిని 2012లో ఆర్.ఎఫ్.సి. 6585 నిర్వచించినది. ఎంతసేపు ఆగి మరల అడగవలెనో కూడా సర్వరు తెలుపవచ్చును. తెలుపనిచో ప్రోగ్రాము 1, 2, 4, 8 సెకనులు అని రెట్టింపు చేసుకుంటూ ఆగడం మంచి పద్ధతి. అయితే ఒకే క్షణంలో విఫలమైన వేల ప్రోగ్రాములు ఇలాగే ఆగినచో, అవన్నీ మరల ఒకే క్షణంలో వచ్చి పడతాయి. కావున ఆ వ్యవధికి కొంత యాదృచ్ఛిక సమయాన్ని కలుపుతారు.

ఎవరిని లెక్కించవలెను?

చాలా సర్వర్లు ఐ.పి. చిరునామాను బట్టి లెక్కిస్తాయి. ఒక కళాశాల వసతిగృహంలోని విద్యార్థులందరూ బయటకు ఒకే చిరునామాతో కనిపించవచ్చును. అప్పుడు ఒకరి ప్రోగ్రాము పరిమితిని వాడివేసినచో మిగిలినవారికీ తలుపు మూసుకుంటుంది.

2021లో కోవిడ్ టీకాల సమయంలో భారతదేశపు కోవిన్ వ్యవస్థ ఒక్కొక్క ఐ.పి. చిరునామాకు 5 నిమిషాలలో 100 అభ్యర్థనలు, అనగా సగటున 3 సెకనులకు ఒకటి చొప్పున అనుమతించినది. బయటి ప్రోగ్రాములకు ఇచ్చే సమాచారము 30 నిమిషాల వరకు పాతదై ఉండవచ్చునని కూడా తెలిపినది. ఖాళీలు నిమిషాలలో నిండిపోతున్న ఆ రోజులలో అరగంట పాత సమాచారముతో ప్రయోజనము స్వల్పము. సర్వరును కాపాడవచ్చును గాని, లేని టీకాలను ఈ నియంత్రణ పంచలేదు.

వికీపీడియాలో బాట్లు కూడా ఈ నియమమునకు లోబడినవే. డేటాబేసు నకళ్ళు వెనుకబడినపుడు బాటు ఆగుటకు మాక్స్‌ల్యాగ్ అను విలువను, సాధారణంగా 5 సెకనులుగా, అభ్యర్థనతో పాటు పంపవలెను.