నలభై దాటిన మధ్యాహ్నం

2022 జూలై 19. మంగళవారం. లండన్ ఉడికిపోతోంది. వేడికి వంగిపోకుండా రైలు పట్టాలకి తెల్లరంగు పూశారు. ముందురోజే లూటన్ విమానాశ్రయంలో రన్‌వే ఒకచోట ఉబ్బింది. ఊరికి తూర్పున వెనింగ్టన్‌లో మంటలు లేచి ఇళ్లకి అంటుకున్నాయి. బ్రిటన్‌లో ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటడం అదే మొదటిసారి. అందరి కళ్లూ ఆకాశం మీదే ఉన్నాయి. కిటికీల్లేని గదుల వైపు చూసినవాళ్లు తక్కువ.

మధ్యాహ్నం రెండున్నర. గూగుల్ డేటా సెంటర్ భవనం ఒకటి. ఒకటి ఆగితే ఇంకోటి ఆదుకోవాలని పెట్టిన కూలింగ్ యంత్రాలు ఒకేసారి చేతులెత్తేశాయి. ర్యాకుల మధ్య గాలి వేడెక్కడం మొదలైంది.

వీడియో మీటింగులు నడిపే సర్వరైనా, ఆస్పత్రి రికార్డులు దాచే సర్వరైనా లోపల ఓ చిన్న కాపలా చిప్పు ఉంటుంది. పేరు బీఎంసీ. సర్వర్‌ని ఆపేసినా, కరెంటు అందుతున్నంతసేపూ అది మేలుకునే ఉంటుంది. లోపలికొచ్చే గాలి వేడెక్కితే ఫ్యాన్లు హోరెత్తుతాయి, అయినా వేడి దిగకపోతే ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది, అప్పుడు మీటింగులో ముఖాలు ముక్కలై మాటలు తెగిపోతుంటే జనం నెట్‌ని తిట్టుకుంటారు, ఆ చిప్పు మాత్రం వేడెక్కింది చూడండి చూడండి అని అలారం పంపుతూనే ఉంటుంది, ఎవరూ పలక్కపోతే చివరికి మెషీన్ కాలిపోకుండా దానంతటదే ఆగిపోతుంది. ఆ రోజు లండన్‌లో అంతదాకా రానివ్వకూడదు.

ఇంజనీర్లు ట్రాఫిక్ మళ్లించారు. తప్పించాల్సింది ఆ భవనం ఉన్న ఒక్క జోన్‌నే. పొరపాటున లండన్‌లోని మూడు జోన్లనీ తప్పించారు. దెబ్బ ఇంకా దూరం పాకింది.

సాయంత్రం ఆరు దాటింది. వేడి దిగలేదు. ఇక మిగిలింది ఒకటే దారి. నడుస్తున్న మెషీన్లలో కొన్నిటిని చేతులారా ఆపేశారు. రాత్రి పది దాటాకే కూలింగ్ దారికొచ్చింది. గూగుల్ ఊపిరి పీల్చుకుంది. కానీ అదే రోజు, అదే ఊళ్లో, ప్రాణాలతో ముడిపడ్డ సర్వర్లు కూడా ఉడికాయి.

థేమ్స్ దక్షిణపు ఒడ్డు. గైస్, సెయింట్ థామస్ ఆస్పత్రులు. రెండు డేటా సెంటర్లు. ఒకటి పడితే రెండోది నిలబడాలి. రెండూ పడిపోయాయి. రోగి చరిత్ర స్క్రీన్ మీద లేదు. డాక్టర్లు కాగితం, పెన్ను పట్టుకున్నారు. ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. మళ్లీ అన్నీ గాడిన పడటానికి వారాలు పట్టింది. ఖర్చు 14 లక్షల పౌండ్లు.

రెండు గదుల్నీ ఒకే ఎండ కొడుతుంటే రెండోదాన్ని బ్యాకప్ అనకూడదు.

మన బెజవాడలో, రెంటచింతలలో నలభై అంటే వేసవికి ఇంకా మొదలే. మీ ఆస్పత్రిలోనో కాలేజీలోనో సర్వర్ గది మీ చేతిలో ఉంటే రేపే ఒక్కసారి చూడండి. ఆ టెంపరేచర్ అలారం ఎవరి ఫోన్‌కి వెళ్తోందో, ఆ మనిషి ఇంకా అక్కడే పనిచేస్తున్నాడో లేదో కనుక్కోండి.