ఇంటి కాఫీకి ఒక రాజకీయ చరిత్ర

2025 మార్చిలో, బడ్జెట్ సమావేశాలు జరుగుతుండగా, పార్లమెంటు ప్రాంగణంలో అరకు కాఫీ స్టాళ్ళు వెలిశాయి. మంత్రులు, ఎంపీలు కప్పులు పట్టుకుని ఫొటోలు దిగారు. అంతకు ముందు ఏడాది జూన్‌లో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో అరకు కాఫీని ప్రస్తావించారు. 2023లో ఢిల్లీ జీ-20 సదస్సుకు వచ్చిన దేశాధినేతలకు ఇచ్చిన కానుకల్లోనూ అది ఉంది. ఈ సందడి చూసి మిత్రుడొకరు అడిగారు: ‘ఇంతకీ మీరు ఇంట్లో ఏ కాఫీ తాగుతారు? ఎలా కలుపుకుంటారు?’

జవాబు సులభమే అనుకున్నాను. నాకు కాఫీ అంటే ఫిల్టరు కాఫీయే. ప్లాంటేషన్ ఎ రకం గింజలు రెండు పాళ్ళు, పీబెర్రీ ఒక పాలు. చికోరీ నూటికి పదిహేను పాళ్ళు మించకూడదు. పొడి వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోవాలి. ఫిల్టరు పై గిన్నెలో పొడి వేసి, కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో మెల్లగా అదమాలి. గట్టిగా అదిమితే నీరు దిగదు, వదులుగా వదిలేస్తే డికాక్షను పలచబడుతుంది. నీళ్ళు మరిగాక ఒక్క నిమిషం ఆగి పోయాలి. ఆ తరువాత ఇరవై నిమిషాలు దాని జోలికి పోకూడదు. పాలు చిక్కగా, అప్పుడే కాగినవై ఉండాలి. డికాక్షనును మాత్రం ఎన్నడూ మళ్ళీ కాచకూడదు. చక్కెర అర చెంచా. స్టీలు గ్లాసు, దబరా.

ఇదంతా నా సొంత అభిరుచేనని నలభై ఏళ్ళుగా నమ్ముతూ వచ్చాను. మిత్రుడికి జవాబు రాయబోయి ఒక్కొక్క అంశాన్నీ తరచి చూసుకుంటే, అందులో నిజంగా నేను ఎంచుకున్నది ఆ అర చెంచా చక్కెర మాత్రమేనేమో అనిపించింది. మిగిలినవన్నీ నాకంటే ముందే నిర్ణయమైపోయాయి. నిర్ణయించిన వాళ్ళలో తోటల యజమానులున్నారు, ప్రభుత్వాలున్నాయి, ఒక యుద్ధం ఉంది, కులం ఉంది, ఆఖరికి ఆకులకు పట్టే ఒక తెగులు కూడా ఉంది.

గింజతో మొదలుపెడదాం. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు మక్కా యాత్ర ముగించుకుని వస్తూ యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని ఐతిహ్యం. ఆ కొండకు ఆయన పేరే నిలిచింది. అక్కడి గుహను ముస్లింలు ఆయన దర్గాగా, హిందువులు దత్తాత్రేయ పీఠంగా కొలుస్తూ వచ్చారు. ఆ స్థలంపై వివాదం దశాబ్దాల తరబడి న్యాయస్థానాల్లో, ఎన్నికల వేదికలపై నలుగుతూనే ఉంది. 1978 ఉప ఎన్నికలో ఇందిరాగాంధీ లోక్‌సభకు తిరిగి వచ్చింది కూడా ఈ కాఫీ సీమ నుంచే.

ఐతిహ్యం సాధువుదే అయినా, తోటల విస్తరణ మాత్రం వలస పాలనది. 19వ శతాబ్దంలో మైసూరు, కొడగు, వయనాడ్, నీలగిరి కొండల్లో ఐరోపా దొరల ఎస్టేట్లు పరుచుకున్నాయి. బయానా తీసుకున్న కూలీ పని మానేస్తే దాన్ని నేరంగా పరిగణించి శిక్షించే వీలును 1859 నాటి చట్టం యజమానులకు కల్పించింది. 1878లో మద్రాసు ప్రభుత్వం కాఫీ దొంగతనాల నివారణకే ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. పండించే చేతుల పట్ల రాజ్యానికి ఉన్న అనుమానం ఎంతటిదో గ్రహించడానికి ఈ రెండు చట్టాలు చాలు.

ఆ ఎస్టేట్ల వైభవాన్ని దెబ్బతీసింది ఆకుమచ్చ తెగులు. 1869లో సింహళంలో బయటపడిన ఈ తెగులు అక్కడి కాఫీని దాదాపు తుడిచిపెట్టింది. తోటల యజమానులు తేయాకు వైపు మళ్ళారు. దక్షిణ భారత తోటలూ తీవ్రంగా నష్టపోయాయి. తెగులును తట్టుకునే రొబస్టా 20వ శతాబ్దం ఆరంభంలో ఇక్కడికి వచ్చింది. 1925లో బాలెహొన్నూరులో పరిశోధన కేంద్రం ఏర్పడింది. తెగులును కొంత తట్టుకునే అరబికా రకాలు అక్కడి నుంచి వెలువడ్డాయి. నేడు దేశంలో పండే కాఫీలో సుమారు 70 శాతం రొబస్టాయే. పొడి కొట్టు ముందు నిలబడి ‘అరబికాయే కావాలి’ అని నేను పట్టుబట్టడం వెనుక శతాబ్దిన్నర నాటి ఆ తెగులు మిగిల్చిన కొరత ఉంది.

ఇక ఇంట్లోకి వద్దాం. కాఫీ మన వంటిళ్ళలో సనాతనమేమీ కాదు. మద్రాసు రాజధానిలో 19వ శతాబ్దం చివరిదాకా ఉదయం పూట చద్దన్నం, గంజి, మజ్జిగలదే రాజ్యం. కాఫీ వచ్చినప్పుడు పెద్దలు దాన్ని ఒక దురలవాటుగా, కల్లుకు తోబుట్టువుగా చూశారు. తరువాత అదే మధ్యతరగతి మర్యాదకు చిహ్నమైంది. తమిళ దేశంలో కాఫీ ఉన్నత, మధ్యతరగతి పానీయంగా, టీ శ్రామికుల పానీయంగా ఎలా విడిపోయాయో చరిత్రకారుడు ఎ.ఆర్. వేంకటాచలపతి వివరించారు. కోస్తాంధ్రకూ ఆ విశ్లేషణ చాలావరకు వర్తిస్తుంది. నిజాం హైదరాబాదు దారి వేరు. ఇరానీ హోటళ్ళు అక్కడ చాయ్‌ని నగర సంస్కృతిగా నిలబెట్టాయి. ఇప్పటికీ మన రెండు రాష్ట్రాల్లో అతిథిని పలకరించే తీరులో ఆ పాత సరిహద్దు కనిపిస్తుంది.

ఆ మర్యాదకు కులం కాపలా కాసింది. ‘బ్రాహ్మణ కాఫీ హోటల్’ అన్న బోర్డులు ఆంధ్ర పట్టణాల్లోనూ వేలాడాయి. 1957లో మద్రాసులోని మురళీ కేఫ్ బోర్డు మీద ఉన్న ‘బ్రాహ్మణ’ పదాన్ని తొలగించాలని పెరియార్ ఉద్యమం నడిపారు. అప్పటికి రాజ్యాంగం అమలులోకి వచ్చి ఏడేళ్ళు. బోర్డులు క్రమంగా దిగిపోయాయి గానీ, పల్లెల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఆ తరువాతా కొనసాగింది.

ఊళ్ళోని కొట్లను తప్పుపట్టే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నా చిన్నతనంలో మొదటి డికాక్షను నాన్నగారికి, ఆయన కోసం వచ్చిన పెద్దమనుషులకు. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి తీసిన రెండో డికాక్షను అమ్మకు, పిల్లలకు. ఇంట్లో పనిచేసే ఆవిడకు దక్కేది అందులోనూ మిగిలినదే. ఆమె గ్లాసు వేరు. అది పెరటి గోడ గూట్లో బోర్లించి ఉండేది. ఆమె దాన్ని తానే కడిగి మెట్టు మీద పెడితే, అమ్మ పైనుంచి కాఫీ వంచేది. అమ్మ కఠినురాలు కాదు. ఆవిడకు జ్వరం వస్తే మందు తెప్పించి ఇచ్చేది. అయినా ఆ గ్లాసు మాత్రం గూటిని దాటి లోపలికి రాలేదు. ‘మా ఇంటి కాఫీ రుచి మరెక్కడా రాదు’ అని బంధువులతో గర్వంగా చెప్పుకునేవాళ్ళం. ఆ రుచిలో ఎవరి వంతు ఎంతో, ఎవరి గ్లాసు ఎక్కడో ముందే నిర్ణయమై ఉందన్న సంగతి మాకు తట్టలేదు.

ఇంటి కాఫీలో రాజ్యం పాత్ర మరింత సూటిగా కనిపిస్తుంది. 1935లో కాఫీ సెస్సు చట్టం వచ్చింది. కాఫీ ప్రచారం కోసం ఏర్పడిన సెస్సు కమిటీ మరుసటి ఏడాది బొంబాయిలో తొలి ఇండియా కాఫీ హౌస్ తెరిచింది. అంతలో రెండో ప్రపంచ యుద్ధం ఐరోపా మార్కెట్లను మూసివేసింది. అమ్ముడుపోని పంటను ఆదుకోవడానికి 1940లో ఆర్డినెన్సు, 1942లో కాఫీ చట్టం వచ్చాయి. రైతు తన పంటనంతా ఉమ్మడి నిల్వకు, అంటే ‘పూల్’కు అప్పగించాలి. బోర్డు దాన్ని వేలం వేసి, విడతల వారీగా డబ్బు చెల్లిస్తుంది. నేను ఘనంగా పలికే ‘ప్లాంటేషన్ ఎ’, ‘పీబెర్రీ’ అన్న పేర్లు బోర్డు గ్రేడింగు పరిభాషే. విచిత్రమేమంటే, కాఫీ వాడకాన్ని పెంచడం ప్రభుత్వ బాధ్యతగా మారిన ఆ 1942లోనే, ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో ఉన్న గాంధీజీ తన ఆరోగ్య గ్రంథం మొదలుపెట్టి, టీ, కాఫీ, కోకో శరీరానికి అవసరం లేదని అందులో రాశారు. ఈ ఒక్క విషయంలో మాత్రం దేశం బోర్డు మాటే విన్నది.

యుద్ధం కోసం తెచ్చిన ఏర్పాటు యుద్ధంతో ముగియలేదు. స్వతంత్ర భారతం దాన్ని మరో ఐదు దశాబ్దాలు కొనసాగించింది. అందులో రక్షణ ఉంది, బంధనమూ ఉంది. రైతుకు ఒక భరోసా దొరికింది. కానీ తన పంటను తానే అమ్ముకునే స్వేచ్ఛ పోయింది, చెల్లింపుల కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. 1950ల మధ్యలో బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసివేయసాగింది. రోడ్డున పడ్డ కార్మికులను కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ సహకార సంఘాలుగా కూడగట్టారు. 1957లో బెంగళూరు, ఢిల్లీలలో, 1958లో త్రిస్సూరులో ఆ ప్రయత్నం రూపుదాల్చింది. ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లోని కాఫీ హౌస్ రాజకీయ చర్చలకు నెలవైంది. ఎమర్జెన్సీ కాలంలో దాన్ని కూల్చివేశారు.

చికోరీ కథ కూడా ఇలాంటిదే. నెపోలియన్ 1806లో బ్రిటిష్ వాణిజ్యాన్ని దిగ్బంధించినప్పుడు కాఫీ కరువై ఐరోపా ఈ వేరును వేయించి తాగడం నేర్చుకుంది. మన దేశంలో ఇది గుజరాత్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో పండుతుంది. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని మన ఆహార నిబంధన. అంటే 49 శాతం దాకా వేరు పొడి ఉన్నా దాన్ని చట్టబద్ధంగా అమ్మవచ్చు. ‘చికోరీ వేస్తేనే చిక్కదనం’ అని అమ్మ అనేది. నెలాఖరులో చికోరీ పాలు పెరిగేదని నాకు చాలా ఏళ్ళ తరువాత గాని అర్థం కాలేదు. పొదుపు కోసం మొదలైన అలవాటు కాలక్రమంలో రుచిగా స్థిరపడింది. నా పదిహేను పాళ్ళు ఆ నెలాఖరుల జ్ఞాపకమే.

1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందంలోని ఎగుమతి కోటాలు కుప్పకూలాయి. 1991లో మన కాఫీకి పెద్ద కొనుగోలుదారు అయిన సోవియట్ యూనియన్ అంతరించింది. ఆర్థిక సంస్కరణల గాలిలో 1992 నుంచి పూల్ సడలి, 1996 నాటికి పూర్తిగా ముగిసింది. రైతుకు అమ్ముకునే స్వేచ్ఛ వచ్చింది. కొద్ది ఏళ్ళకే, 2000ల ఆరంభంలో, ప్రపంచ ధరలు పడిపోయినప్పుడు ఆ స్వేచ్ఛకు మూల్యం చెల్లించిందీ రైతే. ఈరోజు నగరవాసి ఎస్టేటు పేరు, ఎత్తు, వేయించిన తేదీ చూసి ప్యాకెట్టు ఎంచుకుంటున్నాడంటే, ఆ ఎంపిక ఇంచుమించు ఒక తరం వయసున్నది మాత్రమే. అప్పటికీ దేశంలో పండే కాఫీలో అధిక భాగం ఎగుమతికే పోతుంది.

ఇప్పుడు అరకు. తూర్పు కనుమల్లో కాఫీ ప్రయోగాలు 19వ శతాబ్దం చివరలో పాములేరు లోయలో మొదలయ్యాయి. స్వాతంత్ర్యానంతరం అటవీ శాఖ, ఆపై అటవీ అభివృద్ధి సంస్థ తోటలు వేశాయి. పోడు వ్యవసాయానికి ప్రత్యామ్నాయంగా ఆదివాసుల చేత సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ పెంచే పద్ధతిని ప్రోత్సహించారు. కొడగు ఎస్టేట్లకు, ఈ తోటలకు ఉన్న తేడా ఇక్కడే ఉంది. ఇక్కడి రైతుది ఎకరం, రెండెకరాల తోట. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం వెలిసింది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది.

ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. ధరను గాని, భూమిని గాని కాపాడదు. భూమిని కాపాడింది వేరే పోరాటం. షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 1997లో సమత కేసులో తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం పుట్టింది అరకును ఆనుకుని ఉన్న అనంతగిరి మండలంలోనే. ఆ తరువాత కూడా బాక్సైట్ కోసం ప్రభుత్వాలు ప్రయత్నిస్తూనే వచ్చాయి. తవ్వకాలకు వీలుగా 2015లో జారీ అయిన ఉత్తర్వు నిరసనల మధ్య ఆగిపోయి, 2019లో రద్దయింది. అటవీ అభివృద్ధి సంస్థ తోటలపై హక్కు తమకే ఇవ్వాలన్న ఆదివాసుల కోరిక మాత్రం అలాగే ఉంది. 2025లో అరకు తోటల్లో కాయ తొలుచు పురుగు బయటపడింది. సింహళపు దొరలు తెగులు వచ్చాక తేయాకుకు మారిపోగలిగారు. ఎకరం తోట ఉన్న ఆదివాసీ రైతుకు అలాంటి వెసులుబాటు లేదు.

మిత్రుడికి చివరకు ఇలా రాశాను. ఫిల్టరు, ఇరవై నిమిషాల నిరీక్షణ, అర చెంచా చక్కెర అలాగే ఉన్నాయి. చికోరీని పది పాళ్ళకు తగ్గించాను. అమ్మ జ్ఞాపకం కోసం పూర్తిగా మానలేకపోతున్నాను. గింజలు అరకువి కొంటున్నాను. మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడ, నేను ఒకే డికాక్షను, ఒకే వరుసలోని గ్లాసుల్లో తాగుతాం. ఇది ఘనకార్యమేమీ కాదు. ఎప్పుడో జరగవలసింది నా తరంలో ఆలస్యంగా జరిగిందంతే.

ఇంట్లో చేయగలిగింది ఇంతవరకే. మిగిలింది సభలో జరగాలి. పార్లమెంటు స్టాలు ముందు ఫొటో దిగిన సభ్యుల్లో ఒక్కరైనా ఆ కప్పు పక్కన పెట్టి సభలోకి వెళ్ళి, అరకు సంతలో కిలో కాఫీకి రైతు చేతికి వచ్చింది ఎంత, అదే కిలో నగరంలో అమ్ముడైన ధర ఎంత అని లిఖితపూర్వకంగా అడగాలి. ఆ జవాబు వచ్చిన రోజున మిత్రుడికి మరో ఉత్తరం రాస్తాను.