పోనిది ఒక్కటైనా ఉండాలని: పచ్చబొట్టు కథ

చిత్తూరు పల్లెల్లో పండు ముసలి అవ్వల ముంజేతుల మీద చుక్కల ముగ్గో, తేలో, రాముడి పేరో మసకమసకగా కనిపిస్తుంది. అది ఊరూరా తిరిగిన ఎరుకల ఆడవాళ్ల చేతిపని. సోది చెప్పడం, బుట్టలల్లడంతో పాటు పచ్చబొట్టు పొడవడమూ వాళ్లకు బతుకుతెరువే. చిత్తూరు ఇంకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్న 1909లోనే ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద వెలువరించిన తన ఏడు సంపుటాల్లో వాళ్ల గురించి రాశాడు.

దీపపు మసిని ఆకు పసరుతోనో చనుబాలతోనో నూరి, సూదులు కట్టగట్టి పొడిచేవాళ్లు. పిల్ల నొప్పి మరిచేలా పాట పాడేవాళ్లు. పైన పసుపు పూసేవాళ్లు. మసి నల్లనిదే అయినా చర్మం లోపలి నుంచి నీలంగా, పచ్చగా కనిపిస్తుంది. ఒంట్లోని రక్షణ కణాలు ఆ రంగును మింగి అక్కడే పట్టి ఉంచుతాయి. ఆ కణాలు చచ్చిపోతే కొత్తవి వచ్చి మళ్లీ అదే రంగును మింగుతాయని 2018లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో కనుగొన్నారు. పచ్చబొట్టు చెరగకపోవడానికి కారణం ఇదే.

ఈ అలవాటు ఎంత పాతదో చెప్పడానికి ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన ఓట్జి అనే మనిషి శవం సాక్ష్యం. సుమారు 5,300 ఏళ్ల నాటి ఆ మనిషి ఒంటి మీద 61 గుర్తులున్నాయి. వాటిలో చాలా వరకు నడుము దగ్గర, కీళ్ల దగ్గర ఉన్నాయి కాబట్టి నొప్పులకు వైద్యంగా పొడిపించుకుని ఉంటాడని పరిశోధకుల ఊహ.

తిరుపతిలో పచ్చబొట్టుకు దగ్గరి బంధువు వైష్ణవ దీక్షలోని ముద్రధారణ. కాల్చిన చక్రాన్ని కుడి భుజం మీద, శంఖాన్ని ఎడమ భుజం మీద అద్దుతారు. 'నేను స్వామివాణ్ణి' అన్న మాటకు ఒళ్లే పత్రం, నొప్పే సంతకం. గంగమ్మ జాతరలో బొగ్గు, కుంకుమ, నామం పూసుకుని వేసే వేషాలు మాత్రం మొక్కు తీరగానే కడుక్కుంటే పోతాయి.

మరి పోని గుర్తు ఎందుకు కావాలి? రాయలసీమ కరువుల్లో నగ తాకట్టుకు పోతుంది, పొలం అమ్ముడవుతుంది. పెళ్లయిన పిల్ల పుట్టిల్లు విడిచి వెళ్తుంది. పచ్చబొట్టును మాత్రం ఎవరూ లాక్కోలేరు. చచ్చాక వెంట వచ్చేది అదొక్కటేనని అవ్వల నమ్మకం. నేటి కుర్రాడు అమ్మ పేరో, వెంకన్న నామమో, అభిమాన హీరో బొమ్మో వేయించుకోవడం వెనకా ఇదే ఆరాటం ఉంది: నాదైనది ఒకటి నిలవాలి, నేనెవరివాణ్ణో నలుగురికీ తెలియాలి.

1891లో న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ కరెంటు సూదికి పేటెంటు పొందాక పని సులువైంది, జాగ్రత్తలు మాత్రం తగ్గలేదు. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే కామెర్లు తెచ్చే హెపటైటిస్, హెచ్ఐవి సోకవచ్చు. అందుకే మన దేశంలో పచ్చబొట్టు వేయించుకున్నాక ఏడాది పాటు రక్తదానం చేయకూడదు. చెరిపించుకోవాలన్నా లేజర్ కింద మళ్లీ నొప్పి, ఖర్చు తప్పవు. కాబట్టి ఆవేశంలో ఉన్న రోజు సూది దగ్గరికి వెళ్లకండి. మీ ఇంట్లో పచ్చబొట్టున్న అవ్వ ఉంటే ముందు ఆమె దగ్గర కూర్చోండి. ఎవరు పొడిచారో, ఎందుకు పొడిపించుకుందో అడిగి రాసిపెట్టండి. ఆ ఎరుకల స్త్రీల పనితనానికి మన దగ్గర మిగిలిన పుస్తకం ఆ చేతులే.