ఒకే దుబ్బులో రెండు లెక్కలు

అక్టోబరు నెల. పొద్దు ఇంకా పొడవలేదు. హుజూర్‌నగర్ దాటి గరిడేపల్లి దారిలో, సాగర్ ఎడమ కాలువ కింది పొలంలోకి దిగుతున్నాం. చెప్పులు ఒడ్డు మీద విడిచేయండి. చల్లటి బురద పిక్కల దాకా వస్తుంది. వరి పొట్ట మీదుంది. ఆకుల అంచులు మోచేతులను గీస్తున్నాయి, మంచుకు చొక్కా తడిసిపోతోంది.

వంగి దుబ్బు మొదలు చూడండి. నీటికి జానెడు పైన, కాండాన్ని పట్టుకుని ఒక సాలీడు. ఇది గూడు అల్లదు, వేటాడి తింటుంది. సుడిదోమకు పెద్ద శత్రువు ఇదే. శాస్త్రం పెట్టిన పేరు పార్డోసా సూడోఆన్యులేటా. వెనక గుడ్ల సంచి వేలాడుతోంది, అంటే ఆడది. పిల్లలు బయటికి రాగానే తల్లి వీపెక్కి తిరుగుతాయి.

ఆ పిల్లల్లో ఏది మగ, ఏది ఆడ అన్నది క్రోమోజోముల లెక్క. ఈ సాలీడు కుటుంబంలో మామూలుగా మగదానికి 28 క్రోమోజోములు, ఆడదానికి 30. లింగాన్ని తేల్చే క్రోమోజోముల్లో వై లేదు. ఎక్స్‌లే రెండు రకాలు: మగదానికి రకానికొకటి, ఆడదానికి రెండేసి. వీర్యకణాలు తయారయ్యేటప్పుడు ఆ రెండు ఎక్స్‌లూ పక్కపక్కన నిలిచి ఒకే వైపుకు పోతాయి. కాబట్టి సగం వీర్యకణాల్లో 15, మిగతా సగంలో 13. గుడ్డులో ఎప్పుడూ 15. పదిహేను కలిస్తే ఆడ, పదమూడు కలిస్తే మగ. మీ కళ్ల ముందున్న సంచిలో ప్రతి గుడ్డుకూ ఆ లెక్క ఎప్పుడో తేలిపోయింది.

అన్ని సాలీళ్లదీ ఇదే లెక్క కాదు. కొన్నింటికి ఒకటే ఎక్స్, కొన్నింటికి మూడు. ఎక్స్ పోయి ఒక మామూలు క్రోమోజోముకు అతుక్కున్నచోట, దాని పాత జోడీ మగవాటిలో ఒంటరిగా మిగిలి కొత్త వై అవుతుంది. అమెరికాలో థియోఫిలస్ పెయింటర్ 1914లోనే సాలీళ్ల వీర్యకణాల పుట్టుక మీద రాశారు. మన దేశంలో బోలేగౌడ 1958లో 22 జాతుల క్రోమోజోములను వివరించారు.

ఇప్పుడు అదే దుబ్బులో గోధుమ రంగు మచ్చలున్న పిలక ఒకటి తెంపండి. ఆకు తొడుగును మెల్లగా ఊడదీసి, లోపలి వైపు భూతద్దం పెట్టండి. గాజులాంటి చుక్కలు కదులుతున్నాయి. మిల్లీమీటరులో నాలుగో వంతు ఉండే కంకినల్లి ఇది. సాలీడుకు దూరపు చుట్టమే, ఎనిమిది కాళ్ల వంశమే. లెక్క మాత్రం పూర్తిగా వేరు. ఫలదీకరణ జరిగిన గుడ్డు ఆడదవుతుంది, జరగనిది మగదవుతుంది. మగనల్లికి తండ్రి లేడు, ఉన్నది తల్లి ఇచ్చిన ఒక్క వరస క్రోమోజోములే. వంగ, బెండ ఆకుల మీది ఎర్రనల్లిలోనూ ఇంతే: ఆడదానికి 6, మగదానికి 3.

మగతోడు లేని ఒక్క ఆడ కంకినల్లి ఈ తొడుగులోకి చేరితే చాలు. మగ గుడ్లు పెడుతుంది, పెరిగిన ఆ కొడుకుతోనే జతకట్టి ఆడపిల్లలను కంటుంది. రోజుల్లోనే తొడుగు నిండిపోతుంది, కంకి తాలుపోతుంది.

మందు డబ్బా భుజానికెత్తే ముందు ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడాలి. మగనల్లిలో ప్రతి జన్యువుకూ ఒకటే ప్రతి. మందును తట్టుకునే మార్పు వస్తే దాన్ని కప్పిపుచ్చే రెండోది లేదు, మొదటి తరంలోనే బయటపడి పనిచేస్తుంది. తట్టుకున్న మగది తన కూతుళ్లందరికీ దాన్ని ఇచ్చిపోతుంది. సాలీడుకు ఆ వేగం లేదు, పెరగడానికి వారాలు పడుతుంది. సింథటిక్ పైరిత్రాయిడ్ పురుగుమందులు పదేపదే కొట్టిన పొలంలో ముందు సాలీళ్లు పోతాయి, ఆ వెనకే సుడిదోమ పెరుగుతుంది.

అందుకే మచ్చ కనిపించగానే దుకాణానికి పరుగెత్తకండి. తొడుగు విప్పి చూడండి, దుబ్బుకు ఎన్ని సాలీళ్లున్నాయో లెక్కపెట్టండి. అనుమానముంటే ఆ పిలకనే గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి. నల్లి తేలితే నల్లి మందే కొట్టండి, ఒకే మందు వరసగా వాడకండి. క్రోమోజోముల చదువు ప్రయోగశాలకే పరిమితమని ఎవరన్నా నేను ఒప్పుకోను. ఈ పొలంలో ఏ మందు ఎన్నాళ్లు పనిచేస్తుందో తేల్చేది అదే.