సెల్యులోజోమ్

సెల్యులోజోమ్ అనేది కొన్ని అవాయు బాక్టీరియాల కణ ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉండే ఎంజైముల సముదాయం. గడ్డి, చొప్ప, కలప వంటి వాటిలోని సెల్యులోజును ఇది చక్కెరలుగా విడగొడుతుంది. ఆ చక్కెరలను పులియబెడితే ఇథనాల్ వస్తుంది కనుక జీవ ఇంధనాల పరిశోధనలో దీనికి ప్రముఖ స్థానం ఉంది. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో పెరిగే క్లోస్ట్రీడియం థర్మోసెల్లం అనే బాక్టీరియాలో దీన్ని మొదట గుర్తించారు. ఆ బాక్టీరియాను ఇప్పుడు ఎసిటివిబ్రియో ప్రజాతిలో చేర్చారు.

పూర్వరంగం

1819లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్రీ బ్రాకొనో నారబట్ట పేలికలను గంధకామ్లంతో విచ్ఛిన్నం చేసి చక్కెర రాబట్టాడు. 1838లో ఆన్సెల్మ్ పాయెన్ సెల్యులోజును వేరుచేశాడు. థర్మోసెల్లం బాక్టీరియాను 1926లో వర్ణించారు.

రెండో ప్రపంచ యుద్ధంలో దక్షిణ పసిఫిక్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు, దుస్తులు బూజు పట్టి చివికిపోయాయి. కారణం వెతుకుతూ సేకరించిన శిలీంధ్రాల్లో బోగన్‌విల్ దీవి నుంచి వచ్చిన ట్రైకోడెర్మా క్యూఎం6ఎ ఒకటి. శాస్త్రవేత్తలు ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ అమెరికాలోని నేటిక్‌లో ఉన్న సైనిక ప్రయోగశాలలో దీనిపై ఏళ్ల తరబడి పనిచేశారు. తర్వాత ఈ జాతికి రీస్ పేరుమీదే ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టారు. బట్ట చివకకుండా చూడటానికి మొదలైన ఈ పని 1973 చమురు సంక్షోభంతో బట్టను చివికించి ఇంధనం తీసే పనిగా మారింది. ఈ శిలీంధ్రం తన ఎంజైములను విడివిడిగా బయటకు స్రవిస్తుంది. బాక్టీరియాలు కూడా అంతేనని అప్పట్లో అనుకునేవారు.

టెల్ అవీవ్ ప్రయోగాలు

1980ల ఆరంభంలో ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ బేయర్, రఫాయెల్ లామెడ్ వెతికింది ఎంజైమును కాదు, జిగురును. థర్మోసెల్లం సెల్యులోజు పీచును ఎలా అంటుకుంటుందన్నదే వారి ప్రశ్న. అంటుకునే గుణం లోపించిన ఒక ఉత్పరివర్తితాన్ని వేరుచేశారు. మామూలు బాక్టీరియాకు వ్యతిరేకంగా తయారుచేసిన ప్రతిరక్షకాలను ఆ ఉత్పరివర్తిత కణాలతో కలిపారు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న వాటిని పట్టుకునే ప్రతిరక్షకాలన్నీ ఆ కణాలకే అతుక్కుపోయాయి. మిగిలినవి పట్టిచ్చింది ఒకే ఒక్క ప్రతిజనకాన్ని. పద్ధతి సాదాసీదాదే, ఆలోచన మాత్రం అద్భుతం.

జిగురు అనుకున్న ఆ పదార్థాన్ని శుద్ధి చేసి చూస్తే అది 21 లక్షల డాల్టన్ల అణుభారంతో, కనీసం 14 పాలీపెప్టైడులతో కూడిన భారీ సముదాయమని తేలింది. వాటిలో చాలావాటికి సెల్యులోజును ఛేదించే శక్తి ఉంది. 1983లో వెలువడిన ఈ ఫలితాలతోనే సెల్యులోజోమ్ భావన శాస్త్రంలో ప్రవేశించింది.

నిర్మాణం

ఆ సముదాయంలో అన్నిటికన్నా పెద్దదైన ప్రోటీన్‌కు ఛేదనశక్తి లేకపోవడం మొదట వింతగా తోచింది. 1993లో దాని జన్యువు పూర్తి క్రమం వెల్లడయ్యాక దాని పాత్ర స్పష్టమైంది. స్కాఫోల్డిన్ అనే ఈ ప్రోటీన్‌లో సెల్యులోజును పట్టుకునే భాగం ఒకటి, కొహీసిన్లనే భాగాలు తొమ్మిది ఉన్నాయి. ప్రతి ఎంజైముకూ డాకరిన్ అనే చిన్న తోక ఉంటుంది. సాకెట్‌లో ప్లగ్గులా డాకరిన్ కొహీసిన్‌లో ఇమిడిపోతుంది. ఇందుకు కాల్షియం తప్పనిసరి. ఈ జంట స్ఫటిక నిర్మాణం 2003లో వెలువడింది. కణానికి లంగరు వేసే మరో ప్రోటీన్‌కు ఏడు స్కాఫోల్డిన్లు తగులుకోగలవు కాబట్టి ఒక్కచోటే 63 ఎంజైములు చేరే వీలుంది. కొన్ని ఎంజైములు సెల్యులోజు గొలుసును మధ్యలో తెంచుతాయి, కొన్ని కొసల నుంచి కొరుక్కుంటూ వస్తాయి, మరికొన్ని అడ్డుగా ఉన్న జైలాన్ అనే మరో చక్కెర గొలుసును తొలగిస్తాయి. పక్కపక్కనే ఉండటం వల్ల ఒకటి తెరిచిన చోట మరొకటి వెంటనే పని అందుకుంటుంది.

ఒక జాతి డాకరిన్ సాధారణంగా తన జాతి కొహీసిన్‌నే గుర్తిస్తుంది. దీని ఆధారంగా వేర్వేరు జాతుల కొహీసిన్లను ఒకే స్కాఫోల్డిన్‌లో కూర్చి, కోరిన ఎంజైమును కోరిన చోట నిలిపే కృత్రిమ సెల్యులోజోములను 1994లో ప్రతిపాదించారు.

ఇంధన రంగం

అమెరికాలో డార్ట్‌మత్ కళాశాలకు చెందిన లీ లిండ్, ఎంజైము తయారీ, సెల్యులోజు విచ్ఛిత్తి, పులియబెట్టడం మూడూ ఒకే తొట్టిలో ఒకే సూక్ష్మజీవి చేత చేయించే పద్ధతికి ప్రధాన ప్రతిపాదకుడు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం మైక్రోబయాలజీ విభాగంలో జి. సీనయ్య బృందం 1990లలో థర్మోసెల్లం స్ట్రెయిన్లతో సెల్యులోజు నుంచి ఇథనాల్ తీసే ప్రయోగాలు జరిపింది.

అయితే థర్మోసెల్లం ఇథనాల్‌తో పాటు ఎసిటిక్, లాక్టిక్ ఆమ్లాలను కూడా తయారుచేస్తుంది, ఇథనాల్ గాఢత పెరిగితే తట్టుకోలేదు. పైగా సెల్యులోజును కప్పి ఉంచే లిగ్నిన్ పొరను వదిలించడానికి పదార్థాన్ని ముందుగా ఆవిరితోనో ఆమ్లంతోనో శుద్ధి చేయక తప్పడం లేదు. అందుకే పరిశ్రమలో ఇప్పటికీ చెల్లుబాటవుతున్నవి ప్రధానంగా శిలీంధ్రాల ఎంజైములే. గడ్డి నుంచి ఇథనాల్ తీసే పరిశ్రమకు ఉదాహరణగా, హర్యానాలోని పానిపట్‌లో 2022 ఆగస్టు 10న ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ సంస్థ కర్మాగారాన్ని ఏటా సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలనే లక్ష్యంతో నెలకొల్పారు.