క్రీక్ చివర ఫ్లెమింగోలు

దుబాయ్‌లోని అల్ ఖూజ్ గోదాములకు తూర్పున, దుబాయ్ క్రీక్ అనే సముద్రపు పాయ లోపలికి చొచ్చుకొచ్చి ఒకప్పుడు ఆగిన చోట రాస్ అల్ ఖోర్ బురదనేల ఉంది. చుట్టూ రహదారులు, ఆకాశహర్మ్యాలు పెరిగినా ఈ నేలను మిగల్చడం నగరం చేసిన గొప్ప పని. 1990ల తొలి ఏళ్లలో ఇక్కడ మడచెట్లు నాటారు. 2007లో ఈ నేల అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రామ్‌సార్ జాబితాలో చేరింది.

శీతాకాలమే దీని వైభవం. అప్పుడు ఫ్లెమింగోలు గుంపులుగా చేరతాయి. ఫ్లెమింగో వంకర ముక్కును తలకిందులుగా నీళ్లలో ముంచి, నాచునూ చిన్న రొయ్యలనూ వడగట్టుకుని తింటుంది. రెక్కల గులాబీ రంగు ఆ తిండిదే. వలస కాలంలో ఉల్లంకులు మజిలీ చేస్తాయి. ఎండలు ముదిరితే గుంపులు పలచబడతాయి, కొంగలు మాత్రం ఉంటాయి. చలికాలంలో మన పులికాట్ సరస్సుకు వచ్చేదీ ఈ జాతి ఫ్లెమింగోయే.